రూతమ్మ గారూ, తెప్ప బొమ్మా

మా వీధి మలుపులో పాత ప్రహరీ గోడ ఒకటుంది. దాని మీద ఎవరో ఒకరు ఏదో ఒక కాగితం అంటిస్తూనే ఉంటారు. పోయిన మంగళవారం పొద్దున పాలపాకెట్ల కోసం తలుపు తీసేసరికి ఉడికిన మైదా జిగురు వాసన వచ్చింది. ఈ మధ్య అందరూ డబ్బాలో దొరికే తెల్లజిగురే వాడుతున్నారు, దానికి ఈ వాసన ఉండదు. గేటు దాకా వెళ్ళి చూశాను. నడివయసు మనిషి, బకెట్టు నిండా ఇంట్లో కాచిన జిగురు. బకెట్టు అంచున నీలిరంగు చార.

"మైలుతుత్తం కలిపినావా నాయనా?" అన్నాను.

"పురుగు తినకుండా పెద్దమ్మా. మా నాయన నేర్పినాడు. మీకెట్ట తెలుసు?"

నాకు నేర్పింది రూతమ్మ గారు. 1963 మే నెలలో, నెల్లూరు మూలాపేటలో, ఒక అచ్చు ప్రెస్సు వెనక గదిలో. తారీకుల విషయంలో నేను పొరపాటు పడనని ఇంట్లో వాళ్ళు ఎగతాళి చేస్తుంటారు. ఎగతాళి అయినా అది నిజమే. ఆవిడ దగ్గర గడిపింది ఒక్క వేసవి మాత్రమే. ఆ తర్వాత ఎంతోమంది పెద్దల కింద పనిచేశాను, కొందరి పేర్లు కూడా ఇప్పుడు తడుముకోవాలి. ఆ వేసవిని మాత్రం ఎప్పుడూ తడుముకోనక్కర లేకపోయింది.

అప్పుడు నేను మద్రాసులో సాంఘిక సేవ కోర్సు చదువుతున్నాను. మా ఊరు పెన్న అవతల కోవూరు. చదువు పూర్తి కావాలంటే వేసవిలో రెండు నెలలు ఏదైనా ధర్మసంస్థలో పనిచేసి, దాని మీద నివేదిక రాసి ఇవ్వాలి. ఇప్పటి పిల్లలు ఇంటర్న్‌షిప్ అంటున్నది దాన్నే. నా తోటి వాళ్ళు అనాథ శరణాలయాలకూ ఆస్పత్రులకూ వెళ్ళారు. నాకు ప్రచారం పని వచ్చింది. నెల్లూరులో తీర మాతృసేవా సంఘమని ఒకటి ఉండేది. సముద్రపు ఒడ్డున, నడిమిపాళెం అనే చేపలు పట్టేవాళ్ళ ఊళ్ళో ఆ సంఘం రెండు గదుల ప్రసూతి ఆస్పత్రి నడిపేది. రూతమ్మ గారు ఆ సంఘానికి ప్రచార కార్యదర్శి. ఆ ప్రెస్సు వెనక గదే సంఘం ఆఫీసు. టౌను వాళ్ళకు ఆస్పత్రి సంగతి చెప్పి సాయం అడగడం ఒక పని, పాళెం ఆడవాళ్ళకు చెప్పి కాన్పుకు రప్పించడం ఇంకో పని. అవి రెండు పనులని నేననుకున్నాను. ఆవిడ లెక్కలో రెండూ ఒకటే.

యాభై దాటిన మనిషి. మిషను బళ్ళో చాలాకాలం పాఠాలు చెప్పి మానేశారు. ముతక తెల్ల చీర, నల్ల గొడుగు. చేతి గడియారాన్ని ముంజేతి లోపలివైపు తిప్పి కట్టుకునేవారు, టైము తనకు తెలిస్తే చాలు, ఎదుటివాళ్ళను తొందరపెట్టకూడదని. ఆవిడ నవ్వడం నేను ఎన్నడూ చూడలేదు. కోపిష్ఠి కాదు. నవ్వు అక్కర్లేనంత శ్రద్ధగా ఎదుటి మనిషి మొహంలోకి చూసేవారు, అంతే.

మొదటి రోజు నన్ను కూర్చోబెట్టి అడిగారు.

"మద్రాసులో ఏం నేర్పినారమ్మా?"

"ప్రచార సాధనాలు, ప్రజల మీద వాటి ప్రభావం అండీ."

"జిగురు కాయడం నేర్పినారా?"

"లేదండీ."

"మరి కాగితాన్ని గోడకు దేంతో అంటిస్తావు? ప్రభావంతోనా?"

ఆ మధ్యాహ్నమంతా కిరసనాయిలు పొయ్యి ముందు కూర్చుని జిగురు కాశాను. ఉండ కట్టకుండా ముందు చన్నీళ్ళలో కలపాలి, తర్వాత మరిగే నీళ్ళలో సన్నటి ధారగా పోయాలి, గరిటె ఆపకూడదు, తుత్తం చివర్లో వేయాలి, ఆ చేత్తో నోరు ముట్టకూడదు. మొదటిసారి మాడింది. రెండోసారి ఆవిడ వేలితో తీసి, చూపుడువేలూ బొటనవేలూ అంటించి విడదీసి, "ఇది వానకు గూడా పోదు" అన్నారు. ఆ వేసవిలో ఆవిడ నన్ను అంతగా మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. ఆ జిగురు గురించి ఇంకోసారి చెప్పాల్సి వస్తుంది.

మర్నాడు రాత పని. ప్రతి శుక్రవారం నెల్లూరు నుంచి డాక్టరమ్మ పాళెం వెళ్తుంది, ఆ సంగతి చెబుతూ ఒక కరపత్రం రాయమన్నారు. నేను చాలా కష్టపడి, 'అజ్ఞానాంధకారంలో మగ్గుతున్న తీరప్రాంత నిరుపేద మహిళలారా' అని మొదలుపెట్టాను. ఆవిడ దాన్ని పైకి చదివారు. బాగా చదివారు, బళ్ళో పద్యం చదివినట్టు. తర్వాత కాగితం బల్ల మీద పెట్టి, "మీ ఇంట్లో శుభకార్యమైతే చుట్టాలకు ఎట్ట రాస్తారు? అజ్ఞానులారా, భోజనానికి రండి అనా?" అన్నారు.

నేను కాగితం వెనక్కి తీసుకున్నాను.

"పాళెంలో చదవను వచ్చినవాళ్ళు ఒకరో ఇద్దరో. వాళ్ళు మిగతావాళ్ళకు చదివి వినిపిస్తారు. చదివేవాడికి నోరు రావాల, వినేవాళ్ళకు తల ఎత్తుకోను రావాల. మళ్ళీ రాయి."

చివరికి మిగిలింది ఇది: 'శుక్రవారం పొద్దున డాక్టరమ్మ వస్తుంది. కడుపుతో ఉన్నవాళ్ళు రండి. తోడుగా ఒకరిని తెచ్చుకోండి.' ఇందులో నేను రాసిన మాట ఒక్కటి కూడా లేదు. అయినా కింద ఎవరు రాశారో గుర్తుగా కార్యాలయపు కాపీ మీద నా పేరే వేయించారు.

ఆ శుక్రవారమే నన్ను పాళెం తీసుకెళ్ళారు. మైపాడు దారిలో బస్సు, అక్కడి నుంచి బకింగ్‌హాం కాలువలో పడవ. కాలువ దాటి ఇసకలో నడుస్తుంటే సముద్రం కనిపించక ముందే ఎండుచేపల వాసన ఎదురొచ్చింది. ఆస్పత్రి అరుగు మీద ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. వాళ్ళలో పోలమ్మ అనే అమ్మాయి ఉంది, దాదాపు నా ఈడుదే. నిండు కడుపు. నన్ను కింది నుంచి పైదాకా చూసి, రూతమ్మ గారిని అడిగింది.

"ఏమ్మా, ఈ పిల్లెవురు? పెళ్ళి కాలా?"

"చదువుకుంటుండాది. పని నేర్చుకోను వచ్చింది."

"మేం కంటా ఉంటే చూసి నేర్చుకుంటదా? నేర్చుకోనీలే పాపం, ఎప్పటికైనా పనికొస్తది!"

అరుగంతా ఘొల్లున నవ్వింది. నాకు చెవులు వేడెక్కాయి. రూతమ్మ గారు నవ్వలేదు గాని, పోలమ్మ పక్కనే నాకు చోటు చూపించారు.

తిరుగు పడవలో పోలమ్మ సంగతి చెప్పారు. అంతకు ముందు సంవత్సరం మొదటి కాన్పు ఇంట్లోనే జరిగింది. బిడ్డ అడ్డం తిరిగింది. కాలువ మీద పడవెక్కించి నెల్లూరు చేర్చేసరికి బిడ్డ దక్కలేదు, తల్లి దక్కడమే గొప్ప. ఈసారి కాన్పు ఇంట్లో జరగకూడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. పోలమ్మ అత్తకు ఆస్పత్రి అంటే పడదు. రూతమ్మ గారు ఆ ఇంటికి ఎన్నిసార్లు వెళ్ళారో, చివరికి పోలమ్మ చేత 'వస్తాను' అనిపించారు. "నెలాఖరుకు ఆ పిల్ల ఆ అరుగెక్కితే చాలమ్మాయ్, ఈ సంవత్సరం నా ప్రచారం గెలిచినట్టే" అన్నారు, గొడుగు తిప్పుతూ.

అప్పుడే గోడపత్రిక పని మొదలైంది. ఆస్పత్రికి ఇంకో గది కట్టాలని సంఘం అనుకుంది. టౌను వాళ్ళు ఆగి చూసే బొమ్మతో పెద్ద కాగితం వేద్దామన్నారు. అంగళ్ళకు బోర్డులూ, నాటకాలకు తెరలూ రాసే నరసింహులు గారు బొమ్మ గీసి తెచ్చారు. చంకలో పసిబిడ్డతో ఒక తల్లి సముద్రంవైపు చూస్తూ నిలబడి ఉంది, ఆమె వెనక ఒడ్డున ఒక తెప్ప, తెప్ప మీద తెడ్డు. ఆమె కంట్లో ఒకే ఒక నీటిచుక్క. కింద 'నడిమిపాళెం తల్లికి చేయూతనివ్వండి' అనే మాటలు. నాకు గుండె కరిగింది. రూతమ్మ గారు దాన్ని గోడకు ఆనించి, దూరం జరిగి, మళ్ళీ దగ్గరికొచ్చి చాలాసేపు చూసి, "బాగుండాది నరసింహులూ" అన్నారు. మద్రాసులో బొమ్మకు అచ్చు బ్లాకు చేయించి, మా ముందు గది ప్రెస్సులోనే అచ్చు వేయించాం. నేను కాచిన జిగురుతో ట్రంకు రోడ్డులో, సంతపేటలో, చేపల మార్కెట్టు గోడ మీద, మైపాడు బస్సు ఆగేచోట అంటించాం. జనం నిజంగానే ఆగి చూశారు. ఒక పెద్దావిడ కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

అవి అంటించాక వచ్చిన శుక్రవారం ఆస్పత్రి అరుగు మీద ఎవరూ లేరు. నర్సమ్మ ఒక్కతే గడప దగ్గర కూర్చుని ఉంది. డాక్టరమ్మ స్టెతస్కోపు సంచిలోంచి తియ్యనే లేదు. బయట ఇసకలో గంపలు మోసుకుంటూ పోయే ఆడవాళ్ళు మా వైపు చూడకుండా తల తిప్పుకుని పోతున్నారు. రూతమ్మ గారు ఒక ముసలమ్మకు అడ్డం నిలబడి, "ఏమైందవ్వా?" అని అడిగారు.

"దురాయి ఏసినారు. మాట్లాడితే నాకు గూడా తప్పే. పో తల్లీ."

దురాయి అంటే ఆ ఊళ్ళ కట్టుబాటు. పెద్దకాపు అంటే ఊరి పెద్ద. ఆయన నోట ఒకసారి వస్తే అది ఊరందరికీ కట్టు. దాన్ని దాటిన ఇంటితో ఎవరూ మాట్లాడరు, నిప్పు ఇవ్వరు, ఆ ఇంటి తెప్పకు చెయ్యి పట్టరు. ఆస్పత్రి గడప ఎవరూ తొక్కకూడదని దురాయి పడింది.

అప్పటికప్పుడే పెద్దకాపు దగ్గరికి బయల్దేరాం. ఆయన తాటాకు పంచలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. మర్యాదగా చాప వేయించి, నీళ్ళిప్పించాడు. చుట్టూ మగవాళ్ళు, వాళ్ళ వెనక ఆడవాళ్ళు. ఎవరో మార్కెట్టు గోడ నుంచి మా కాగితాన్ని చింపి తెచ్చారు. సగం చిరిగిన ఆ బొమ్మను ఆయన ఇసకలో మా ముందు పరిచాడు.

"ఈ తెప్ప మీద మనిషి యాడమ్మా?"

రూతమ్మ గారు బొమ్మ చూశారు. నేనూ చూశాను. తెప్ప ఉంది, తెడ్డు ఉంది. మనిషి లేడు.

"తెప్ప ఒడ్డుకొచ్చింది. తెడ్డు దాని మిందే ఉండాది. వల ల్యా, మనిషి ల్యా. ఆ బిడ్డ తల్లి సముద్రం దిక్కు చూసి ఏడస్తా ఉండాది. కింద మా ఊరి పేరు రాసినారంట. మా పిల్లోళ్ళు రెండ్రోజులుగా తెప్ప ఎక్కనంటన్నారు."

ఆడవాళ్ళలోంచి ఒక గొంతు లేచింది. "ఎవురి మొగుణ్ణి చంపినారమ్మా మీరు? పేరు గూడా చెప్పండి, ఏడస్తాం!"

నరసింహులు గారు మనుషుల్ని ఎందుకు వెయ్యలేదో నాకు తెలుసు. బొమ్మ నిండుగా అయిపోతుంది, తల్లి మీదకు చూపు పోదు అన్నారు. అదే చెప్పబోయి నోరు తెరిచాను. రూతమ్మ గారు నా మోకాలి మీద చెయ్యి వేశారు.

"తప్పు నాది" అన్నారు. "బొమ్మ ఏసినాయనది కాదు, ఈ పిల్లది కాదు. చూసి బాగుండాదని అన్నది నేను. మీ ఊరి పేరు పెట్టి, మీకు చూపించకుండా గోడకు కొట్టించింది నేను. ఇప్పుడేం చెయ్యాల్నో చెప్పండి కాపా."

అంతే. మా ఉద్దేశం మంచిదన్న మాట ఆవిడ నోటినుంచి రాలేదు. ఆ రోజు దాకా నేను చూసిన పెద్దవాళ్ళందరూ తప్పు ఒప్పుకున్న వెంటనే ఆ మాట తగిలించేవాళ్ళే.

పెద్దకాపు వల సూది పక్కన పెట్టాడు. "పీకండి. ఒక్కటి గూడా ఉండకూడదు. మా ఆడోళ్ళు రోజూ బజారుకొస్తారు. యాడన్నా ఒకటి కనపడిందంటే దురాయి దురాయే."

లేచి వస్తుంటే వెనక వరసలో పోలమ్మ కనిపించింది. రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని ఇసకలోకి చూస్తోంది. తలెత్తలేదు. నెలాఖరు ఎంతో దూరంలో లేదు.

మర్నాడు పొద్దున్నుంచీ నెల్లూరు గోడలు గీకడం మొదలుపెట్టాం. కూలివాళ్ళను పెట్టుకుందామంటే ఆవిడ ఒప్పుకోలేదు. నీళ్ళ బకెట్టు, కొబ్బరిపీచు, ఒక మొద్దు కత్తి. నేను కాచిన జిగురు ఊడిరాలేదు. నానబెట్టినా, గీకినా, తల్లి ఊడినా తెప్ప ఊడలేదు. ట్రంకు రోడ్డులో నడి ఎండలో చీర కుచ్చెళ్ళు దోపుకుని గీకుతూ రూతమ్మ గారు నా వైపు తిరిగి, "బాగానే కాచినావమ్మాయ్" అన్నారు, ఏమీ జరగనట్టు. సోడా అంగడాయన బయటికొచ్చి, "ఏందమ్మా, అంటించిందీ మీరే, పీకేదీ మీరే, సంఘానికి వేరే పని లేదా?" అన్నాడు. "ఇదే పని నాయనా, కొంచెం నీళ్ళు పొయ్యి" అన్నారావిడ. ఆయన రెండు బిందెలు పోసి, తనే వచ్చి ఇంకో మూల గీకాడు.

అక్కడికే సంఘం అధ్యక్షులు ప్లీడరు గారు జట్కా దిగి వచ్చారు. మంచి మనిషే, ఆస్పత్రికి స్థలం ఇప్పించింది ఆయనే. గోడనూ మా చేతులనూ చూసి నెత్తి పట్టుకున్నారు.

"రూతమ్మ గారూ, ఏమిటిది? ఆ బొమ్మ చూసి మా ఇంట్లో ఆడవాళ్ళు అన్నం తినలేదు. ఇంతమంది మనసు కరిగించిన బొమ్మను పీకుతారా?"

"పాళెంలో వాళ్ళు గూడా తినలేదండీ. తెప్ప ఎక్కితేనే వాళ్ళకు తిండి."

"సరే, పాళెంవైపు పీకండి. వాళ్ళకు ఇంకో బొమ్మ వేయిద్దాం, నవ్వుతున్నట్టు. టౌనులో ఇదే ఉండనివ్వండి. వాళ్ళకొకటి, వీళ్ళకొకటి. తప్పేముంది?"

నాకు అది చక్కటి ఉపాయం అనిపించింది. మద్రాసులో మాకు చెప్పిందీ దాదాపు అదే, ఎవరికి తగ్గ మాట వాళ్ళకు చెప్పాలని.

"తల్లి ఒక్కతే గదండీ, రెండు బొమ్మలెందుకు?" అన్నారు రూతమ్మ గారు. "ఆమె ఎదురుగా నిలబడి చూడలేని బొమ్మను ఆమె పేరు చెప్పి మనం చూపించకూడదు."

"బొమ్మలో దుఃఖం లేకపోతే జనానికి దయ ఎక్కడి నుంచి వస్తుందండీ?"

"దయ చూసేవాళ్ళ దగ్గర ఉండాల. బొమ్మలో ఎందుకు?"

ఆయన జట్కా ఎక్కి వెళ్ళిపోయారు. ఆవిడ మళ్ళీ కొబ్బరిపీచు తీసుకున్నారు. అప్పటికే శుభ్రమైన చోటే మళ్ళీ రుద్దారు. సంఘం ఆవిణ్ణి మానుకోమంటే మానుకోవాల్సిందే. అధ్యక్షులతో అట్లా మాట్లాడడం అంత తేలికైన పనేమీ కాదని నాకు అప్పుడు తెలిసింది.

గోడలు శుభ్రమయ్యాక నరసింహులు గారిని వెంటబెట్టుకుని పాళెం వెళ్ళాం. పాపం ఆయనకు పడవ పడదు, కాలువ పొడుగునా కళ్ళు మూసుకునే ఉన్నారు. బజారుకొచ్చి చూసిపోయిన ఆడవాళ్ళు ఒక్క కాగితం కూడా లేదని ముందే చెప్పినందువల్ల పెద్దకాపు మమ్మల్ని కూర్చోనిచ్చాడు. దురాయి మాత్రం ఎత్తలేదు. "కొత్తది ఏమేస్తారో చూసినాకనే" అన్నాడు.

రూతమ్మ గారు ఆడవాళ్ళను దగ్గరికి పిలిచారు. "మీరే చెప్పండి. ఆయన ఏస్తాడు."

ముందు ఒకరినొకరు మోచేతులతో పొడుచుకున్నారు. తర్వాత అందరూ ఒకేసారి పలికారు. చీర చిరుగులు వద్దు, ఎర్రంచు వెయ్యమన్నారు. కొప్పు సరిగ్గా పెట్టమన్నారు. ముక్కుపుడక ఏది, అమ్ముకు తిన్నారా అని నిలదీశారు. బిడ్డను బొద్దుగా వెయ్యమన్నారు. తెప్ప దగ్గర మగవాణ్ణి వేస్తే, వాడు మరీ తెల్లగా ఉన్నాడన్నారు. నరసింహులు గారికి చెమటలు పట్టాయి. వేసి తుడిచి, మళ్ళీ వేశారు. అంతా అయ్యాక కూడా బొమ్మ ఎందుకో వాళ్ళకు నచ్చలేదు. మగవాడు తెప్ప లాగుతున్నాడు, తల్లి బిడ్డతో పక్కన నిలబడి ఉంది.

"వాడు నిజంగా ఉన్నట్టు ల్యా" అంది ఒకామె. "ఫోటోకు దండ ఏసినట్టుండాది."

అప్పుడు వెనక నుంచి పోలమ్మ గొంతు వినిపించింది. దురాయి పడ్డాక ఆమె మా ముందు నోరు విప్పడం అదే మొదటిసారి.

"సామీ, ఆమె వాణ్ణి తిడతా ఉన్నట్టు ఎయ్యి."

నరసింహులు గారు కుంచె ఆపి చూశారు.

"నడుం మింద చెయ్యి పెట్టి, నోరు తెరిచి, ఇంతసేపు యాడ సచ్చినావురా అని అడగతన్నట్టు ఎయ్యి. మొగుడు బతికుంటేనే గదా తిట్టేది! పోయినోణ్ణి ఎవురన్నా తిడతారా?"

ఆ తర్వాత ఆ ఇసక మీద లేచిన నవ్వు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. మగవాళ్ళు కూడా నవ్వారు. పోలమ్మ మొగుడు రాఘవులు తలగుడ్డతో మొహం దాచుకున్నాడు. "తియ్యరా గుడ్డ, బొమ్మకు మొహం కావాల!" అన్నారెవరో. నరసింహులు గారు వేశారు. నడుం మీద చెయ్యి, చంకలో బొద్దు పసివాడు, బారుగా తెరిచిన నోరు, ఎదురుగా తెప్ప పట్టుకుని తల గోక్కుంటున్న మొగుడు. మొగుడికి రాఘవులు పోలికే వచ్చింది.

పెద్దకాపు ఆ బొమ్మను రెండు చేతులతో పట్టుకుని దూరంగా పెట్టి చూశాడు. "ఇది మా ఇల్లే" అన్నాడు. దురాయి ఎత్తేశారు.

ఆ నెల చివరి వారంలో పోలమ్మ ఆస్పత్రి అరుగెక్కింది, అత్తను కూడా వెంటబెట్టుకుని. సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే కాన్పయింది. ఆ రోజు మేం పాళెంలోనే ఉన్నాం. రూతమ్మ గారు లోపల, నేను వాకిట్లో రాఘవులు పక్కన. లోపల నుంచి పోలమ్మ అతని ఏడు తరాలనూ పేరుపేరునా తిడుతోంది. అతను ప్రతి తిట్టుకీ తల ఊపుతున్నాడు. ఉన్నట్టుండి తిట్లు ఆగాయి. అతను నా వైపు చూసిన చూపు నేను మరిచిపోలేదు. ఆ వెంటనే పసిబిడ్డ ఏడుపు వినిపించింది. ఆడపిల్ల.

కొత్త గోడపత్రిక టౌనులో అంటించినప్పుడు జనం ఏడవలేదు. నవ్వారు. నవ్వి, నిలబడి, కింది మాటలు చదివారు. సోడా అంగడాయన తన భార్యను పిలిచి చూపించి, ఆమె చేత నాలుగు మాటలు పడ్డాడు. పాత బొమ్మకు వచ్చినంత సాయం కొత్త బొమ్మకు వచ్చిందో లేదో ఎవరూ పోల్చి చూడలేదు, పోల్చే వీలూ లేదు. మూడో గది మాత్రం మరుసటి సంవత్సరం లేచింది. ప్లీడరు గారు రూతమ్మ గారిని మానుకోమనలేదు. ఆయన కచేరీ గదిలో ఆ కొత్త బొమ్మ చాలా ఏళ్ళు వేలాడిందని తర్వాత తెలిసింది.

నా రెండు నెలలూ ముగిశాయి. నివేదిక రాసి, కాలేజీకి పంపే ముందు సంతకం కోసం రూతమ్మ గారి ముందు పెట్టాను. ఆవిడ కలం తీసుకోలేదు. "ఇందులో పాళెం సంగతి ఉండాదా?" అని అడిగారు. అంతా పాళెం సంగతే అన్నాను. "అయితే పోయి వాళ్ళకు చదివి వినిపించి రా. తర్వాత సంతకం పెడతా."

వెళ్ళాను. అదే అరుగు మీద కూర్చుని చదివాను. రాసేటప్పుడు గొప్పగా అనిపించిన మాటలు కొన్ని నోటి దాకా వచ్చి ఆగిపోయాయి. వాళ్ళెవరూ ఏమీ అనక ముందే ఆ మాటలు అక్కడికక్కడే కొట్టేశాను. పోలమ్మ పిల్లకు పాలిస్తూ వింది. "మాది పేద ఊరని నాలుగుసార్లు సెప్పినావు. ఒకసారి సాలదా?" అంది. ఒక్కసారే ఉంచాను. రూతమ్మ గారు సంతకం పెట్టారు.

తర్వాత ముప్ఫై ఏళ్ళకు పైగా నేను ఇదే పని చేశాను, పిల్లల సంస్థల్లో, ఆడవాళ్ళ సహకార సంఘాల్లో. కరపత్రాలు పోయి రేడియో మాటలొచ్చాయి, ఆ తర్వాత వీడియోలొచ్చాయి. ఎవరి గురించి చెబుతున్నామో వాళ్ళకు ముందు చూపించందే నేను ఏదీ బయటికి పంపలేదు. నా కింద పనిచేసిన కుర్రవాళ్ళు విసుక్కునేవారు. పని ఆలస్యమయ్యేది నిజమే. కాని నేను పనిచేసిన ఏ ఊరూ నన్ను చూసి తల తిప్పుకోలేదు. ఆ సంతృప్తి నాకు రూతమ్మ గారు ఇచ్చిపోయినది. ఆవిడ పోయి చాలా కాలమైంది. నరసింహులు గారు గీసిన అసలు బొమ్మను ఆవిడ నాకు ఇమ్మని చెప్పారట. అంచులు పసుపెక్కి, మా ముందు గదిలో ఉంది.

ఇది రాయడం ముగించాక కూడా ఆ అలవాటే అడ్డం పడింది. రూతమ్మ గారికి చదివి వినిపించలేను. పోలమ్మ ఉంది. చూపు ఆనదు గాని చెవులు బాగా పనిచేస్తాయి. ఆ రోజు పుట్టిన కూతురి దగ్గరే, నెల్లూరులో ఉంటోంది. ఆ కూతురికి ఇప్పుడు మనవలు. మొన్న ఆదివారం వెళ్ళి ఆమె మంచం పక్కన కూర్చుని మొదటి నుంచి చదివాను. తల ఊపుతూ వింది. రాఘవులు తల గోక్కున్న చోట మాత్రం, లేని మనిషిని తలుచుకుని, పైట చెంగు మొహానికి అద్దుకుంది. అయిపోయాక నా వైపు తిరిగి అంది.

"అంతా బాగుండాది గానీ, ఒకటి తప్పు రాసినావు. రూతమ్మ నవ్వదని రాసినావే!"

"నేను చూడలేదు పోలమ్మా."

"నువ్వు వాకిట్లో ఉన్నావు గదా, యాడ చూస్తావు? నొప్పులకు నా పానం పోతా ఉంటే నా చెయ్యి పట్టుకొని, నీ మొగుడు బయటే ఉండాడు, తిట్టు, బొమ్మలో మాదిరి తిట్టు అనింది. నేను తిట్లు ఎత్తుకున్నా. ఆ తిట్లకు ఆమె కడుపు పట్టుకొని నవ్వింది. కండ్లలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. ఆమె నవ్వతా ఉంటే నాకూ నవ్వొచ్చి తిట్లాగిపోయినాయి, ఆ నవ్వులోనే ఈ పిల్ల పుట్టింది. రాసుకో."

ఆ రోజు వాకిట్లో తిట్లు ఆగేసరికి నేనూ రాఘవులూ హడలిపోయిన ఆ క్షణం అదేనన్నమాట. రాసుకున్నాను. మళ్ళీ చదివి వినిపించాను కూడా. ఇప్పుడు సరిగ్గా ఉందంది.